లెక్కలో పదోవాడు

మా డ్రిల్లు సార్ ఎవరినైనా పొగిడాడంటే వాడి ఆట అయిపోయినట్టే. ధర్మవరంలో మా ఫుట్‌బాల్ టీముకు ఆడిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా ఆ పొగడ్త కోసం చొంగ కార్చుకుంటూ తిరిగేవాళ్లం.

ఆయన పద్ధతి ఇది. ఆదివారం ఆట ముగిశాక అందరం బస్టాండు పక్క టీ హోటల్లో చేరేవాళ్లం. సార్ గోడవైపు బెంచీ మీద కూర్చుని, గ్లాసు ఊదుకుంటూ, టీము పుట్టినప్పటి నుంచీ ఆడిన బ్యాకుల్లో గొప్పవాళ్లెవరో వరసగా చెప్పేవాడు. బ్యాకులంటే మా గోలు ముందు కాపలా కాసి, మీదికి వచ్చేవాళ్లను ఆపేవాళ్లు. గోలు కొట్టేవాళ్ల ఊసే ఆయన ఎత్తడు. గాలి తోస్తే కూడా గోలు పడుతుంది, ఆపడానికి మాత్రం మనిషి కావాలి అనేవాడు. ఆ వరసలో పదిమందికే చోటు. ఇంకా ఆడుతున్నవాడికి చోటే లేదు. బూట్లు విప్పేసినవాణ్ణే లెక్కలోకి తీసుకునేవాడు.

అందుకని టీములోంచి తీసేశానని ఆయన ఎవరికీ విడిగా చెప్పేవాడు కాదు. వరస చెప్పుకుంటూ పోతూ, ఐదోవాడి దగ్గరో ఆరోవాడి దగ్గరో, ఇందాకటిదాకా మాతో పాటు చెమటలు కక్కిన మనిషి పేరు కలిపేసేవాడు. వాడు గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయేవాడు. పక్కవాళ్లు భుజం తట్టి చేయి కలిపేవాళ్లు. కొత్తవాడు మధ్యలో దూరాడు కాబట్టి అడుగున ఉన్న పదోవాడు రాలిపోయేవాడు. వాడి పేరు ఇక ఆ హోటల్లో వినపడేది కాదు. ఒక్క నోటిమాటతో ఇద్దరి పని పట్టేవాడు మా సార్. నాకు ఆయనంటే అసహ్యం. ఇప్పటికీ అంతే.

ఆయన లెక్క తప్పయితే ఇంత బాధ ఉండేది కాదు. అది సరిగ్గా ఉండేది. రాప్తాడు దగ్గర లారీ గుద్ది చచ్చిపోయిన ఒకతను ఏళ్ల తరబడి మొదటివాడు. నిజంగానే వాడంతటివాణ్ణి మేం చూడలేదు. మూడోవాడు పెద్ద రైతు కొడుకు, జీపులో తిరిగే పార్టీ మనిషి. ఒకసారి తన మనుషుల్ని వెంటేసుకుని వచ్చి, రెండోవాణ్ణి చేయరాదా సార్ అని నవ్వుతూ అడిగాడు. సార్ నవ్వలేదు. ఆ సాయంత్రమే నాలుగోవాణ్ణి చేశాడు. జీపు మళ్లీ ఆ వీధిలో ఆగలేదు.

మా గ్రౌండు ఊరి బయట గరుసు నేల. జారుతూ బంతి లాక్కోవాలంటే తొడ చర్మం కొంత అక్కడ వదిలేసి రావాలి. వానలు ఎగ్గొట్టిన ఏడాది మా టీము బలంగా ఉండేది, శెనక్కాయ వేయని చేలల్లో పని లేక పల్లెల కుర్రాళ్లంతా వచ్చి పడేవాళ్లు. తొంభైల చివర్లో, ఆ తర్వాత కొన్నేళ్లు మాకు మనుషుల కొదవ లేదు.

నేను రైట్ బ్యాక్. లెఫ్ట్ బ్యాక్ పట్టుచీరలు నేసేవాడు, నాకంటే చిన్న. వారమంతా గుంట మగ్గంలో కాళ్లు దించి పలకలు తొక్కి తొక్కి వాడి పిక్కలు బండల్లా ఉండేవి. ఆదివారం గుంటలోంచి పైకి వచ్చి గ్రౌండులో పడితే వాడి ముఖమే వేరు. వాడు నాకంటే మంచి ఆటగాడు. ఈ ముక్క రాయడం నాకు సుతరామూ ఇష్టం లేదు. మీదికి వచ్చేవాడి కాళ్లు చూడడు, కళ్లు చూడడు, నడుము చూస్తాడు. నడుము అబద్ధం చెప్పదన్నా అనేవాడు. వాడికి ఆశ ఒకటే, కాళ్లాడినన్నాళ్లూ ఆడటం. మొదటివాణ్ణి కావాలని కలలు కన్నది మేమే గాని వాడు కాదు.

యాడికి ఊళ్లో ఆడిన మ్యాచులో వాడి ఎడమ మోకాలు మెలితిరిగింది. కొన్ని వారాలు పడుకుని మళ్లీ వచ్చాడు. పరిగెత్తేవాడు గాని ఎడమకు తిరిగితే మోకాలు నిలిచేది కాదు. ఎవరికీ చెప్పలేదు. సార్‌కు చెప్పాల్సిన పని లేదు. ఆ ఆదివారం హోటల్లో గ్లాసు ఊదుతూ, మొదటివాడు అని మొదలుపెట్టి, చనిపోయినతని పేరుకు బదులు వాడి పేరు చెప్పాడు.

హోటల్లో అందరూ లేచారు. అంతవరకూ బతికున్నవాడెవడూ ఎక్కని చోటు అది. చేతులు కలిపేవాళ్లు కలుపుతున్నారు, వీపు చరిచేవాళ్లు చరుస్తున్నారు. వాడు వాళ్లందరినీ తప్పించుకుని సార్ ముందుకు పోయి నిలబడ్డాడు.

"నన్ను పదోవాన్ని చేయండి సార్. వచ్చే ఆదివారం ఆడనీండి," అన్నాడు.

"ఇదేమన్నా సంతలో బేరమా అప్పా," అన్నాడు సార్. "మొదటోడివి. పో, ఇంట్లో చెప్పుకోపో."

వాడు ఇంట్లో చెప్పుకోలేదు. సోమందేపల్లె టీములో చేరాడు. వాళ్లకు మనుషుల కొరత, మోకాలు గురించి ఎవరూ అడగలేదు. వాడు మళ్లీ ఆడుతున్నాడని తెలియగానే సార్ లెక్కలోంచి వాడి పేరు తీసేసి చనిపోయినతన్ని మొదటి చోట కూర్చోబెట్టాడు. రెండు మూడు నెలలకు ఆ టీము మాతో ఆడటానికి మా గ్రౌండుకే వచ్చింది.

ఆట మొదలయ్యే ముందు సార్ మమ్మల్ని చుట్టూ చేర్చుకున్నాడు. వాడు అవతల వంగి మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు.

"ప్రతి బాలూ వాని పక్కకే పోవాల. ఎడమకు తిప్పండి. పడేదాకా తిప్పండి."

వాడు మనోడే కదా సార్ అని ఎవడో గొణిగాడు.

"మనోడైతే ఈ పక్క ఉండాల. ఆ పక్క ఉండేవాడు ఉట్టి బ్యాకు."

వాడు వాళ్లకు లెఫ్ట్ బ్యాక్, నేను మాకు రైట్ బ్యాక్. అంటే గ్రౌండులో ఒకే అంచు మాది. ఆ అంచు వెంబడి బంతులు పంపేది నేనే. మొదట్లో, ఆ బంతులందుకుని అంచు వెంబడి పరిగెత్తే మా వింగరు నడుము చూసి రెండుసార్లు వాడు బంతి లాగేసుకున్నాడు. నాకు లోపల్లోపల ముచ్చటేసింది కూడా. మూడోసారి మా వింగరు వాడి ఎడమ పక్కనుంచి దూసుకుపోయాడు. వాడు తిరగబోయి కూలబడ్డాడు. గోలు పడింది. తర్వాత ఇంకొకటి. కూలిన ప్రతిసారీ వాడు మోచేతులు చీరుకుపోయి లేచేవాడు. గాలికి దుమ్ము లేచి వాడి నెత్తుటి మీదే అంటుకునేది.

"అన్నా," అని నావైపు చూసి అరిచాడు. "ఒక్క బాలన్నా ఆ పక్కకు పంపు."

నాకు ఒళ్లు మండింది. ఆటలో అలా అడుక్కోవడమేమిటి? తర్వాతి బంతి కూడా వాడి మీదికే కొట్టాను. అది తప్పని నేననుకోను, వాడు నా చోట ఉంటే వాడూ అంతే చేసేవాడు. నాలుగు గోల్స్‌తో గెలిచాం. చివరి గోలుకు వాడు లేవలేదు, వాళ్ల గోల్‌కీపరు వచ్చి చంకల కింద చేతులేసి పక్కకు లాగాడు.

సోమందేపల్లెవాళ్లు ఇక తమ టీముకు రావొద్దని వాడికి చెప్పి వ్యాన్ ఎక్కి పోయారు. వాడు కుంటుకుంటూ అలవాటుగా మా వెనకే హోటలుకు వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. సార్ వరస మొదలుపెట్టాడు. మొదటివాడు, చనిపోయినతను. ఒక్కొక్కరినే చెప్పుకుంటూ తొమ్మిదోవాడి దాకా వచ్చి, టీ ఒక గుక్క తాగి, పదోవాడిగా వాడి పేరు చెప్పాడు.

"నువ్వు అడిగిందే గదప్పా," అన్నాడు వాడివైపు తిరిగి. "ఆదివారం ఆడినావు. పదోవాడివైనావు."

నేనెరిగినంతలో ఆయన చెప్పిన అబద్ధపు లెక్క అదొక్కటే. వాడు పదోవాడు కాదు, మొదటివాడేనని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. అందరూ టీ తాగారు, నేనూ తాగాను.

ఆ తర్వాత వాడు మగ్గం తొక్కలేకపోయాడు. తమ్ముడు గుంటలో దిగితే, ఇంట్లో ఆడవాళ్లు చేసే పని, కండెలకు దారం చుట్టడం, వాడు చేసేవాడు. ఆదివారం మాత్రం తప్పకుండా హోటలుకు వచ్చేవాడు. పదో పేరు వినపడేదాకా తల వంచుకుని కూర్చునేవాడు. విని, లేచి, గోడ పట్టుకుని పోయేవాడు. వాణ్ణి చూస్తే నాకు జాలి కాదు, చిరాకు పుట్టేది. ఆ అబద్ధపు పదో స్థానం కోసం కాలీడ్చుకుంటూ రావాలా అనిపించేది. వీడు రాకపోతే మా టీ ఇంకొంచెం తియ్యగా ఉండేదని మేం నవ్వుకున్నాం కూడా.

మరుసటి ఏడు ఒక ఆదివారం, ఎదుటి టీము కుర్రాడొకడు నన్ను రెండుసార్లు దాటిపోయాడు. రెండుసార్లే. ఆ సాయంత్రం సార్ గ్లాసు ఊదుతూ ఏడోవాడి దగ్గర నా పేరు చెప్పాడు.

పక్కవాళ్లు చేతులు కలిపారు. ఎనిమిది, తొమ్మిది, పది, అన్నీ ఒక్కో మెట్టు దిగిన పాత పేర్లే. నేను మధ్యలో దూరాను కాబట్టి అడుగునున్నవాడు రాలిపోయాడు.

వాడు బెంచీ చివరనుంచి లేచి, కాలు ఈడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నా చేయి పట్టుకుని వదల్లేదు. మోకాలు పోయినప్పటి నుంచీ వాడి ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు.

"నాకింక ఈడికి రావాల్సిన పని లేదన్నా," అన్నాడు. "ఇంక నువ్వు కూచో."

వాడు మళ్లీ రాలేదు. నేను ప్రతి ఆదివారం వెళ్లాను. ఎనిమిదోవాణ్ణయ్యాను, తొమ్మిదోవాణ్ణయ్యాను. సార్ నోట నా పేరు వచ్చేదాకా టీ ముట్టుకునేవాణ్ణి కాదు.