పెరుగన్నంలో మామిడి ముక్క

నిండు గోదావరిలో నాటుపడవకు గెడ వేసి, పెళ్లాన్నీ ఆమె పుట్టింటివాళ్లనూ లంక నుంచి ఒడ్డుకు చేర్చిన మొనగాణ్ణి నేను. కల్లూరులో ఏ టీకొట్టు దగ్గర అడిగినా చెప్తారు. చెప్పక ఏం చేస్తారు, వాళ్లకు చెప్పింది నేనేగా.

ఇప్పుడు కాస్త తగ్గిస్తాను. అది ఎండాకాలం మొదలు. గోదావరిలో నీళ్ల కంటే ఇసుకే ఎక్కువ. పుట్టింటివాళ్లంటే ఒక్క బావమరిది, వాడికి నాకంటే బాగా ఈతొచ్చు. గెడ సంగతి తర్వాత.

ఎనభైల నాటి మాట. భద్రాచలానికి ఎగువన ఒక లంక మీద తెల్లదొరల కాలం నాటి బంగళా ఉండేది. మిరప కోతలు అయిపోయి ఒళ్లు తేలికపడ్డ రోజులు, ఒక పూట సరదాగా గడిపొద్దామని పోయాం. కప్పుకు పంకా వేలాడదీసిన కొక్కేలు, నిలువెత్తు కిటికీలు, వరండాలో వెడల్పాటి పడక కుర్చీ. అందులో కాళ్లు చాపేసరికి నేనే దొరననిపించింది. దొరబుద్ధి కూడా వచ్చింది.

బంగళా పక్కనే మామిడిచెట్టు. లేతకాయలు కోసి, సన్నగా తరిగి, మా ఆవిడ తెచ్చిన పెరుగన్నంలో ఆమె చూడకుండా కలిపాను. మమ్మల్ని పడవలో తెచ్చినాయన కోయాయన, నాకంటే పెద్దవాడు. మెట్ల మీద కూర్చునుంటే ఆయనకూ ఆకులో పెట్టిచ్చాను.

రెండో ముద్దకు ఆయన నమలడం ఆపిండు. లేచి ఏటి దగ్గరికి పోయి నోరు పుక్కిలించి వచ్చిండు.

"ఏందయ్యా, ఉప్పు తక్కువైందా?" అన్నాను.

"మాకు మామిడి పండుగ గాలేదయ్యా. దేవతకు పెట్టందే కొత్తకాయ నోట్లెయ్యం. ఈయేడు మొదటికాయ కొయ్యాల్సింది నేనే. ఇప్పుడు నా చెయ్యి పనికిరాదు."

"ఒక్క ముక్కేగా. చెప్పకుంటే ఎవరికి తెలుస్తది?"

ఆయన నా వంక చూడలేదు. ఆకు మడిచి పక్కన పెట్టిండు. సాయంత్రం దాకా మెట్ల మీదే, ఏమీ తినకుండా కూర్చున్నడు. నాకు ఆ పడక కుర్చీ ముళ్లకంపైంది.

తిరుగు ప్రయాణంలో, ఏదో ఒకటి చేసి మంచివాణ్ణనిపించుకోవాలని గెడ అందుకున్నాను. పడవ ఉన్నచోటే గానుగెద్దులా తిరిగింది. ఆయన గెడ తీసుకొని, ఖాళీ కడుపుతో మమ్మల్ని ఒడ్డుకు చేర్చిండు. కిరాయి ఇస్తే తీసుకున్నడు గాని, నా చెయ్యి తగలకుండా తీసుకున్నడు. ఆ ఏడు మొదటికాయ ఇంకెవరో కోసిండ్రని తర్వాత విన్నాను. పెద్దలకు ఆయనే పోయి చెప్పుకున్నడంట.

టీకొట్టు కథలో గోదావరి ఏటేటా పొంగుతూ వచ్చింది. మామిడికాయ మాత్రం ఎన్నడూ రాలేదు. ఆ పండుగ సంగతి తెలియక చేసిన పని అది. తెలియక చేసినా సిగ్గు సిగ్గే.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది.

"తెలియక చేశాననా రాసిండ్రు? పొద్దున పడవెక్కంగనే చెప్పలేదా ఆయన, మాకింకా పండుగ గాలేదు, ఆ చెట్టు కాయలు మాకు పెట్టకురి అని? మీరు అవ్ అవ్ అని తలూపి, మా తమ్ముడికి కన్నుగొట్టిండ్రు."