ఇంటికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో

“తేలిక చక్రాలు వేయించుకుంటే కారు ఎక్కువ దూరం పోతుందని మీకెవరు చెప్పారమ్మా? నేనేనా? అయితే తప్పు నాదే. ముందు ఇలా కూర్చోండి.”

తూకాలాయన స్టూలు తుడిచి లైబ్రరీ ఆవిడ ముందుకు జరిపాడు. చక్రాలకు తూకం సరిచేయడం ఆయన పని. చక్రాన్ని మిషను మీద తిప్పి, బరువు ఏ పక్కకు ఒరుగుతోందో చూసి, అంచుకు గోరంత సీసం ముక్క అంటిస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. చక్రం చేతుల్లోకి వస్తే చాలు, ఎన్ని కిలోలో చెప్పేస్తాడు. అసలు పేరేమిటో ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

తూకాలాయనకు ఉన్నట్టే లైబ్రరీ ఆవిడకూ బ్యాటరీ కారే ఉంది. నాలుగు తేలిక చక్రాలు కొందామని వచ్చింది.

“చెప్పండి బాబాయ్. ఇవాళ నాకు సెలవు” అంది.

ఆ మాట చెవిన పడిందో లేదో, ఆయన మిషను ఆపేశాడు. పైన మేడ గదిలోంచి కుట్టుమిషను చప్పుడు వినిపించింది. కాసేపు పరుగు, కాసేపు మౌనం.

“మీ పిన్ని నా కారెక్కి ఏడు నెలలైందమ్మా” అన్నాడు, గొంతు తగ్గించి.

కొండ మీద ఒక సరస్సు ఉంది. వెళ్ళి రావడానికి నూట ఎనభై కిలోమీటర్లు. దారిలో చార్జింగు పెట్టుకునే చోటు ఒక్కటీ లేదు. ఆయన భార్య బట్టలు కుడుతుంది. ఆవిడకు ఆ నీళ్ళ రంగు చూడాలని ఎప్పటి నుంచో కోరిక. పదకొండు నీలం దారపు ఉండలు సంచీలో వేసుకుని బయల్దేరింది. గట్టున కూర్చుని ఒక్కో ఉండనూ నీళ్ళకు ఎదురుగా పట్టి చూసింది. ఒక్కటీ కలవలేదు. మబ్బు వస్తే రంగు మారింది, మబ్బు పోతే మళ్ళీ మారింది. ఆవిడ నవ్వుతూ ఒకటి తీసి ఒకటి పెడుతూ ఉంటే, పక్కన కూర్చున్న తూకాలాయనకు తానెక్కడున్నాడో, ఏ వేళయిందో పట్టలేదు.

“అక్కడే ఒక గంట ముందు లేచి, తిరుగుదారిలో నిదానంగా పోనిచ్చి ఉంటే సరిపోయేదేమో. సంబరంలో తొక్కేశాను. మీటరు పడిపోతోంది. ‘చేరతామా?’ అంటుంది ఆవిడ. ‘చేరిపోతాం’ అంటాను నేను. ఏడుసార్లు అన్నానట. ఆవిడ లెక్కపెట్టింది!”

ఇంటికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో కారు ఆగిపోయింది. లారీ వచ్చి దాన్ని ఎక్కించుకుంది. ఆవిడ లారీ ముందు సీట్లో సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎటూ చూడకుండా కూర్చుంది. వీధి మొగలో టీ కొట్టాయన చూడనే చూశాడు. “చక్రాల ఆసామి, చక్రాలు నేలకు ఆనకుండా ఇల్లు చేరాడు!” అని కేక వేశాడు. వీధంతా నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. “ఇంకోసారి ఆ కారెక్కితే ఒట్టు” అని మేడెక్కి మిషను ముందు కూర్చుంది.

ఆ మాట ఆయనకు ముల్లులా దిగింది. ఒక్కోటి నాలుగేసి కిలోలు తేలికైన చక్రాలు తెప్పించాడు. వాటితో పాటు వెడల్పు టైర్లు కూడా వచ్చాయి. తెల్లవారుజామున ఒంటరిగా నడిపి చూశాడు. పాదం ఆనించడమే ఆలస్యం, కారు లేచి పోయింది. గతుకుల్లో ఇదివరకటి దబదబ లేదు. చప్పుడు లేని మోటారు, మంచులో కరిగిపోయిన రోడ్డు, ముందు దీపాల వెలుగులో మెల్లగా విచ్చుకుంటున్న తెలుపు. చక్రాలు తిరుగుతున్నాయో, తాను నిద్రలో తేలుతున్నాడో తెలియలేదు. పక్క సీటు వైపు చూసి, “ఎలా ఉంది?” అని పైకే అడిగాడు. సీటు ఖాళీగా ఉంది.

ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాడు. ఒక్క చార్జింగుతో పోయే దూరం పెరగలేదు సరికదా, అయిదు కిలోమీటర్లు తగ్గింది!

“ఎందుకు తగ్గింది బాబాయ్?”

“నా చేతులు బరువునే చూశాయమ్మా. బరువు తగ్గితే ఆగిన కారు లేవడం సులువు. సిగ్నలు సిగ్నలుకీ ఆగే ఊళ్ళో కాస్త లాభం. అదీ కొంచెమే, బ్రేకేసినప్పుడు మోటారు కొంత కరెంటు ఎలాగూ వెనక్కి లాక్కుంటుంది. పొడుగు రోడ్డు మీద తిరిగే చక్రం తిరుగుతూనే ఉంటుంది కదా? అక్కడ అడ్డుపడేది గాలి, రోడ్డును అంటిపెట్టుకునే టైరు. పాత చక్రాలకు చదును మూతలుండేవి. కొత్తవాటికి అన్నీ కంతలే, పైగా వెడల్పు టైర్లు.”

ఈ సంగతి ముందు పట్టింది ఆయన కాదు, మేడ మీది ఆవిడ. కిటికీలోంచి వంగి, “మీ కొత్త చక్రాలు ఈల వేస్తున్నాయి. గాలిని కోస్తున్నాయి కాబోలు. కుచ్చిళ్ళ లంగా వేసుకుని ఎదురుగాలిలో పరుగెత్తినట్టుంది మీ యవ్వారం” అంది. ఏడు నెలల్లో కారు గురించి ఆవిడ అన్న మొదటి మాట అది.

ఆయన ఆ తేలిక చక్రాలకే పాత సన్న టైర్లు మళ్ళీ వేశాడు. ఆవిడ అట్ట మీద మూతకు కొలత గీసి కత్తిరించి, మెట్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. పలుచని అల్యూమినియం రేకు తెచ్చి అదే కొలతకు మూతలు చేశాడు. బ్రేకుల వేడి పోవడానికి అంచున వేలెడు సందు వదిలాడు. ఈల ఆగింది. ఊరి చుట్టూ ఉన్న రోడ్డు మీద మూడు రోజులు నడిపి చూశాడు.

“ఎంత పెరిగింది?”

“పదిహేను పెరిగిందని నేనంటున్నాను. ఆవిడ నమ్మదు. ‘మీ నోటితో వద్దు, ఆ కొండెక్కి దిగినవాళ్ళెవరైనా వచ్చి చెబితే అప్పుడు చూద్దాం’ అంది. న్యాయమే.”

పైన మిషను ఆగింది. ఆయన తల పైకెత్తాడు. మిషను మళ్ళీ నడిచింది. తర్వాత కొక్కేనికి వేలాడుతున్న తన కారు తాళం తీసి లైబ్రరీ ఆవిడ చేతిలో పెట్టాడు.

“మీ చక్రాల సంగతి తర్వాత చూద్దాం తల్లీ. కారు నిండా చార్జింగు ఉంది. సరస్సు దాకా ఒక్కసారి వెళ్ళి రండి. నన్ను మెప్పించడానికి నిదానంగా నడపొద్దు, మీకు అలవాటైనట్టే నడపండి. తిరిగొచ్చాక ఎంత మిగిలిందో నాకు చెప్పొద్దు. ఎక్కువైనా తక్కువైనా సరే, నేరుగా మేడెక్కి ఆవిడకే చెప్పండి.”