పెరుగన్నంలో కలిపిన మాత్ర

ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు సగం తెలుసు, ఆ సగం కూడా ఆయన ఎప్పుడో మరిచిపోయారు. విన్నాక, ఓస్ ఇంతేనా, ఒక కుక్క గురించా ఇంత రాద్ధాంతం అని మీరు అనుకోవచ్చు. అనుకోండి. నేనూ చాలాకాలం నాకు అదే చెప్పుకున్నాను. కుక్కే కదా, దిక్కులేని కుక్కే కదా, నేను చూడకపోతే ఆ కాలువలోనే చచ్చేది కదా. తప్పు చేయని మనిషికి ఇన్నిసార్లు సర్దిచెప్పుకోవాల్సిన అవసరం ఏముంటుంది?

పేరు చెప్పను. అమెరికాలోని జార్జియాలో కమ్మింగ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం, అది చాలు. అప్పట్లో అక్కడ మనవాళ్ళ ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. మా కాలనీ కొత్తది. వెనక కంచె దాటితే అడవి, అడవికి అవతల ఎప్పటినుంచో ఉంటున్న తెల్లవాళ్ళ ఇళ్ళు. చలికాలం మొదలైతే వాళ్ళు కుందేళ్ళ వేటకు దిగేవాళ్ళు. పొద్దున్నే కుక్కల అరుపులు వినిపించేవి. మామూలు మొరుగుడు కాదు, గొంతు సాగదీసి కూసేవి. మధ్యమధ్య తుపాకీ చప్పుడు. మా కాలనీ ఆడవాళ్ళందరికీ అది చిరాకు. నాకు మాత్రం పగలంతా ఆ ఇంట్లో వినిపించే చప్పుడు అదొక్కటే.

నేను బీఫార్మసీ చదివాను. క్లాసులో ఫస్టు. పెళ్ళయి హెచ్-ఫోర్ వీసా మీద వచ్చాను. ఆ రోజుల్లో ఆ వీసా మీద వచ్చిన భార్యలు ఉద్యోగం చేయడానికి వీల్లేదు. నా చదువంతా ఒక బిస్కెట్ల డబ్బాలోకి వచ్చి చేరింది. మన ఇళ్ళ సంగతి మీకు తెలుసు, ఎవరు ఇండియా వెళ్ళొచ్చినా సూట్‌కేసులో పచ్చళ్ళతో పాటు ఒక మందుల సంచీ వస్తుంది. జ్వరానికి, జలుబుకి, నొప్పులకి. నా డబ్బా అందరికంటే పెద్దది, పైగా నాకు డోసులు తెలుసు. "అక్కా, బాబుకి ఫీవర్ తగ్గట్లేదు, ఏం వెయ్యమంటారు?" అని ఫోన్లు చేసేవాళ్ళు. డాక్టరమ్మ అని పేరు పెట్టారు. వాళ్ళు సరదాగా అన్నారు. నేను సరదాగా తీసుకోలేదు. మిగతా ఎక్కడా నాకు పేరు లేదు, అక్కడ ఒక్కచోట ఉంది. ఆ పేరంటే నాకు ప్రాణం. జరిగినదానికి మూలం అదే, అందుకని ముందే చెబుతున్నాను.

ఆ కుక్క మా వెనక వాననీళ్ళ కాలువలో పడి ఉంది. చిన్న జాతి వేటకుక్క. నలుపు, తెలుపు, ఇటుకరంగు, వేలాడే చెవులు. ముళ్ళతీగ చీరేసిందేమో, వెనక కాలు ఎముక కనపడేదాకా తెగింది. మెడలో పట్టీ లేదు, కానీ పట్టీ ఉండిన చోట వెంట్రుకలు అరిగి ఉన్నాయి. అంటే ఎవరిదో. అది నా కంటపడింది. పడనట్టు ఊరుకున్నాను.

"యానిమల్ కంట్రోల్‌కి కాల్ చెయ్యి, వాళ్ళే పికప్ చేసుకుంటారు. మనకెందుకీ హెడేక్?" అన్నారు మా ఆయన. ముందు రక్తం ఆగనీయండి అన్నాను. రక్తం ఆగింది. కుక్కను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే, ఆ దేశంలో అడుగుపెట్టాక నాకు దొరికిన మొదటి రోగి అది.

గరాజ్‌లో దుప్పటి పరిచాను. ఉప్పునీళ్ళతో పుండు కడిగాను, పసుపు అద్దాను, పాత నేత చీర చింపి కట్టు కట్టాను. అది నన్ను ఒక్కసారి కూడా కరవలేదు. కట్టు కడుతుంటే నా మోచేతి మీద గడ్డం ఆనించి వణికేది. పెరుగన్నం కలిపి చేత్తో పెడితే తినేది. బుజ్జీ అని పిలిచేదాన్ని. ఎన్నిసార్లు పిలిచినా పలికేది కాదు. నొప్పి వల్లేమో అనుకున్నాను.

నొప్పి. ఇక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోతాను. మనసులో ఎన్నిసార్లు చెప్పుకున్నా ఇక్కడే ఆగుతాను.

రెండో రోజు అది మూలుగుతూనే ఉంది. చూడలేక డబ్బా తీశాను. పంటినొప్పికీ మోకాళ్ళ నొప్పికీ మన ఊళ్ళో అందరూ వేసుకునే మాత్ర. కుక్కను చేతుల్లోకి ఎత్తి బరువు చూశాను. నాలుగేళ్ళ పిల్లంత ఉంది. పిల్లల డోసు లెక్కగట్టి, మాత్ర విరిచి, పొడి చేసి పెరుగన్నంలో కలిపాను. మనిషి పిల్లకైనా కుక్కకైనా లెక్క ఒకటేనని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగలేదు. అడగడమంటే నాకు తెలియదని ఒప్పుకోవడం, అది డాక్టరమ్మకు నామోషీ.

మందు పనిచేసింది. సాయంత్రానికి మూలుగు ఆగింది. మర్నాటికి మూడు కాళ్ళ మీద లేచి నిలబడింది. నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ చెప్పాను, నా వైద్యంతో కుక్క లేచి నిలబడిందని. ఇక పొద్దునా సాయంత్రం మానకుండా పెట్టాను. మంచిదే కదా అని డోసు కొంచెం పెంచాను కూడా.

కొన్నాళ్ళకి తిండి మానేసింది. నీళ్ళు మాత్రం గిన్నెలకి గిన్నెలు తాగేది. తర్వాత వాంతులు. ఆ తర్వాత ఒక పొద్దున దుప్పటి మీద తారులాంటి విరేచనం చూశాను. చూసిన క్షణంలో నాకు తెలిసిపోయింది. ఆ జాతి మందులు కడుపులో పుండ్లు చేస్తాయి, మోతాదు మించితే మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పరీక్షలో రాసిన జవాబే. దానికి మార్కులు కూడా వచ్చాయి.

అప్పుడు తీసుకెళ్ళాం పశువుల డాక్టర్ దగ్గరికి. కార్‌లో మా ఆయన అడిగారు, ఏం పెట్టావు దానికి అని. చెప్పాను. ఆయన మొహం మారిపోయింది. "అక్కడ చెప్పకు. ఇండియా టాబ్లెట్స్, ప్రిస్క్రిప్షన్ లేదు. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉన్నాం. కేసూ గీసూ అంటే మొత్తం పోతుంది," అన్నారు.

ఇన్నేళ్ళూ నా తప్పును ఆ మాట కిందే దాచుకున్నాను. వీసా భయమండీ, ఏం చేస్తాం అని. మీకు మాత్రం నిజం చెబుతాను. ఆ గదిలో నాకు వీసా గుర్తే లేదు. ఇంతమంది పిల్లలకు డోసులు చెప్పిన మనిషి చేతిలో కుక్క చచ్చిందట అని మనవాళ్ళు అనుకుంటారే, అదొక్కటే గుర్తుంది.

డాక్టర్ నెమ్మదైన మనిషి. రక్తం తీసి చూసింది. మూత్రపిండాలు దాదాపు పోయాయంది. ఎప్పుడు దొరికిందని అడిగింది. మొన్న, అన్నాను. మొదటి అబద్ధం అలా దానంతటదే వచ్చేసింది. ఏమైనా మందు పెట్టారా, నొప్పికి ఇచ్చేది ఏదైనా, అని సూటిగా అడిగింది. పెరుగన్నం తప్ప ఏమీ పెట్టలేదన్నాను. అయితే యాంటీఫ్రీజ్ తాగి ఉంటుందంది. కార్ రేడియేటర్‌లో పోసే పచ్చటి ద్రవం, తియ్యగా ఉంటుందట, నేల మీద కారితే కుక్కలు నాకుతాయట. "అదే అయితే ఈ దశలో చేయగలిగింది లేదు. ఇంకేదైనా మందు వల్ల అయితే సెలైన్ ఎక్కించి ప్రయత్నం చేయొచ్చు. అందుకే అడుగుతున్నాను," అని నా వైపు చూసింది. దారి చూపించి మరీ అడిగింది. నేను మళ్ళీ లేదన్నాను.

చెప్పి ఉంటే బతికేదా? తెలియదు. బతికేది కాదేమో. కానీ ఆ 'ఏమో'ను తేల్చుకునే వీలు లేకుండా చేసింది నేనే.

ఈలోగా ముందు గదిలో కూర్చునే అమ్మాయి కుక్కను గుర్తుపట్టింది. అడవి అవతల ఒంటరిగా ఉండే ఒక ముసలాయనది. వారం పైగా దానికోసం తిరుగుతున్నాడట. ఫోన్ చేస్తే వెంటనే వచ్చాడు. గడప దగ్గరే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "సేడీ," అన్నాడు, గట్టిగా కూడా కాదు. బల్ల మీద కదలకుండా పడి ఉన్న కుక్క తోక రెండుసార్లు కొట్టింది. నేను బుజ్జీ అంటే పలకనిది అందుకే. దానికి పేరుంది.

ఆయన దాని తల నిమురుతూ నన్ను అడిగాడు. ఆయన సాగదీసి మాట్లాడే ఇంగ్లీషు మామూలుగా అయితే నాకు సగమే అర్థమయ్యేది. ఆ రోజు ప్రతి మాటా అర్థమైంది.

"మేడమ్, మీ ఇంట్లో ఇది ఏమైనా తిందా?"

"పెరుగు, అన్నం. అంతే."

"ఇంకేమీ లేదు కదా?"

"లేదు."

ఆయన తలూపాడు. మొన్ననే నాకు దొరికిందనీ, యాంటీఫ్రీజ్ అయి ఉంటుందనీ డాక్టర్ అప్పటికే ఆయనకు చెప్పింది. "అయితే నా ట్రక్కే. రేడియేటర్ కారుతోందని ఎండాకాలం నుంచి తెలుసు. నేను దీనికోసం ఊరంతా తిరుగుతుంటే, ఇది ఇంటికి వచ్చిందన్నమాట. వచ్చి ఆ ట్రక్కు కింద నాకి, నేను లేనని మళ్ళీ పోయింది," అన్నాడు. తర్వాత టోపీ బల్ల మీద పెట్టి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నా కుక్కను నేను చంపుకుంటే, మీరు బతికించాలని చూశారు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."

ఆ చేతుల్లోంచి నా చేతులు లాక్కోలేదు. నోరు విప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? ఒక్క మాట చాలు. ఇంగ్లీషులో అయితే నాలుగు చిన్న ముక్కలు, నాకు వచ్చినవే. చెప్పలేదు. తల వంచుకుని నిలబడితే దుఃఖం అనుకున్నారు. ఇంకా బాధపడకుండా పోవడానికి డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చింది. చివరిదాకా సేడీ ఆయన వైపే చూసింది, ఆ ఒక్కటీ నాకు కాస్త నయం.

అంతటితో అయిపోయినా బాగుండేది. వారం తర్వాత ఆయన మా తలుపు కొట్టాడు. తన పెరట్లో చెట్టుకు కాసిన పెకాన్ కాయలు, అక్రోటు లాంటివి, సంచీ నిండా. ఒక్కొక్కటీ కొట్టి పప్పు తీసి తెచ్చాడు. థాంక్యూ అని తీసుకున్నాను. అంతే కాదు, బెల్లం పాకం పట్టి అచ్చులు చేసి, మనవాళ్ళు తలా ఒక వంటకం తెచ్చుకునే పొట్లక్‌కి పట్టుకెళ్ళాను. అందరూ రెసిపీ అడిగారు. చెప్పాను. ఇలా రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆయన ఇంటిముందు ఏళ్ళుగా పడి ఉన్న పాత ట్రక్కులన్నీ తీసేయించేశాడు. మా కాలనీవాళ్ళు సంతోషించారు, దరిద్రం వదిలిందని. మిగిలిన రెండు కుక్కల్ని కూడా ఎవరికో ఇచ్చేశాడు, కుక్కల్ని పెంచే అర్హత తనకు లేదన్నాడట. మా ఇంటిదాకా వినిపించేవి ఆయన కుక్కల కూతలేనట, ఆ చలికాలం నుంచి అడవి వైపు నుంచి అవి లేవు. పగలంతా ఇల్లు నిశ్శబ్దం. అది నేను చేసిన నిశ్శబ్దం.

తర్వాత కూడా ఎన్ని అవకాశాలు! రోడ్డు మీద ఎదురైన ప్రతిసారీ స్టీరింగ్ మీంచి రెండు వేళ్ళు ఎత్తి పలకరించేవాడు. నేనూ చెయ్యి ఎత్తేదాన్ని. ఈసారి కనిపిస్తే చెప్పేయాలి అనుకునేదాన్ని. కనిపించేవాడు. చెయ్యి ఎత్తేదాన్ని. అలా ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ గడిపేశాను. ఆయన పోయాడని మేము ఇల్లు మారాక తెలిసింది. ఆ స్థలంలో ఇప్పుడు వరసగా కొత్త ఇళ్ళు, చాలావరకు మనవాళ్ళవే.

గ్రీన్ కార్డ్ వచ్చింది. ఇప్పుడు వేరే ఊళ్ళో ఒక మందుల షాపులో పని చేస్తున్నాను. ఎవరైనా వచ్చి ఈ మాత్ర మా కుక్కకు సగం వేయొచ్చా అని అడిగితే, వద్దు అని అరిచినట్టు చెబుతాను. వాళ్ళు ఉలిక్కిపడతారు. ఎంత శ్రద్ధో అని పక్కన పనిచేసేవాళ్ళు మెచ్చుకుంటారు. ఆ మెప్పు కూడా నోరు మూసుకుని తీసుకుంటాను, పెకాన్ పప్పుల్లాగే.

ఆయనకు తెలుగు రాదు. ఇప్పుడు ఆయనే లేడు. ఆయన చదవలేని భాషలో, ఆయన పోయాక, నా పేరు దాచుకుని ఒప్పుకుంటున్నాను. ఇందులో ధైర్యం ఏమీ లేదని నాకూ తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సిన మనిషి మీరు కాదు. కానీ ఆ గదిలో ఆయన అడిగిన ప్రశ్నకు సరైన జవాబు ఎక్కడో ఒకచోట ఒక్కసారైనా ఉండాలి.

తిందండీ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మాత్ర పొడి చేసి, పెరుగన్నంలో కలిపి, నా చేత్తో నేనే తినిపించాను. అది నమ్మి తింది. మీ ట్రక్కు కాదు. నేను.