నేను వెయ్యని కేక

మొన్న మా ఇంటావిడ ఫోన్ తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. తబూక్ అవతలి కొండల మీద మంచు పడిందట, అరబ్బులు పిల్లాజెల్లాతో వచ్చి ఒకరి మీద ఒకరు విసురుకుంటున్నారు. "సౌదీల మంచు గూడ పడుతదా? అన్నేండ్లున్నవు, ఒక్కనాడన్న చెప్పినవా?" అని గద్దించింది. చెప్పలేదు, నిజమే. చెబితే అక్కడి కంపెనీ నన్ను ఎందుకు పంపేసిందో కూడా చెప్పాలి. ఆమెకేమో కంపెనీయే మునిగిపోయిందని చెప్పి ఉన్నాను.

అవి నితాకత్ రోజులు, ముందు సౌదీవాళ్లకే కొలువులివ్వాలనే రూలు. సౌదీవాళ్లు తక్కువున్న కంపెనీకి ఎర్ర రంగు వేసేవారు. ఆ రంగు పడితే మా ఇకామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, రెన్యువల్ కావు, పైగా తల తలకీ లెవీ పన్ను. కొండ మీద టవర్‌కి కేబుల్ వేసే పని గడువులో ముగిస్తే, మమ్మల్ని పచ్చ రంగున్న ఇంకో కంపెనీలోకి మారుస్తామని ఆఫీసువాళ్ల మాట. కేబుల్‌ని ఎనిమిది మందిమి వరసగా భుజాన వేసుకుని, ఒకడి కేక మీద అందరం ఒకేసారి అడుగేసేవాళ్లం. ఆ కేక నాది. ఊళ్లో బావుల్లోకి మోటార్లు దించేనాటి నుంచీ నా గొంతుకు పేరుంది. ఆ గర్వం ఇప్పటికీ పోలేదు, పోవాలని కూడా నాకు లేదు.

టవర్ ఇంకా కొంత దూరం ఉందనగా దారికి అడ్డంగా ఒక లోయచీలిక వచ్చింది, నిండా మంచు. ఇసుక దిబ్బలు ఎక్కి దిగిన కాళ్లు మావి. ఇదీ అంతేలే, జారితే దులుపుకుని లేస్తాం అనుకున్నాం. మా బండి డ్రైవర్, పాకిస్తాన్ మంచుకొండల్లోని స్కర్దూ నుంచి వచ్చిన పెద్దాయన, మేం చాచా అనేవాళ్లం, ముందుకొచ్చి కర్ర గుచ్చి చూశాడు. పైపొర అప్పడంలా గట్టిగా ఉంది, కింద అంతా పొడిరవ్వ. గాలి శిఖరం మీది మంచునంతా తెచ్చి ఇక్కడ పోసిందనీ, ఎండ తగులుతోందనీ, ఇంతమంది బరువు ఒక్కసారే పడితే పైనుంచి మొత్తం విరిగి మీదికొస్తుందనీ చెప్పాడు. వచ్చి ఆగాక సిమెంటులా బిగుస్తుందట, చెయ్యి కూడా కదలదట. తన అన్నదమ్ములిద్దరు అలాగే పోయారట. "ఏక్ ఏక్ కర్కే జావ్, నహీఁ తో ఊపర్ సే" అన్నాడు. ఒక్కొక్కరే దాటాలి, లేకుంటే గాలికి మంచు కొట్టుకుపోయి రాళ్లు తేలిన గట్టు మీదుగా చుట్టి వెళ్లాలి. ఒక్కొక్కరే దాటుదామంటే కేబుల్ ఒకటే ముక్క, అందరం కలిసే మోయాలి. చుట్టు తిరిగితే గడువు దాటిపోతుంది.

ఫోర్‌మన్ మా జిల్లావాడే, నన్ను కాకా అని పిలిచేవాడు.

"కాకా, కేకెయ్యి. పొద్దు పోతుంది."

"నేనెయ్య."

"ఆఫీసోళ్లు నీకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుతరు. నాకు గూడ కొడ్తరు!"

"కొట్టనీ. నా కేక మీద ఏడుగురు అడుగేస్తరు. సచ్చినంక ఎవల ఇకామా ఎవలకు కావాలె?"

అని కేబుల్ భుజం మీంచి దించేశాను. భయం వేసింది, దాచేదేం లేదు. అయినా కేక వెయ్యలేదు. వెనకాల ఒక్కొక్కరే దించారు. కేక లేనిదే మా వాళ్లకు కాలు లేవదు. గట్టు మీదుగా చుట్టి వెళ్లాం. పని ఒకరోజు ఆలస్యమైంది.

మంచు విరిగిపడలేదు. నాలుగో రోజుకల్లా నీళ్లై పోయింది. ఆలస్యమంతా నా మీద వేసి మిగతావాళ్లను మార్చారు, కొత్త కంపెనీ జాబితాలో నా ఒక్కడి పేరు లేదు. నా పాస్‌పోర్ట్ మీద ఫైనల్ ఎగ్జిట్ వేయించి తెచ్చిచ్చిన రోజు ఫోర్‌మన్ ఉడుక్కుంటూ, "ఏదీ కాకా, రాలే గదా?" అన్నాడు.

"రాలే. మనం గూడ దాని కిందికి పోలే" అన్నాను.

ఈ మాట ఇప్పుడు మా ఇంటావిడకూ చెప్పాను. మొండోడివి అంది. అవును మరి. మారిన కంపెనీలో నాకింకో నాలుగేళ్లు దొరికేవేమో, పోతే పోయాయి. ఆనాడు కేబుల్ మోసిన ఎనిమిది మందిమీ, ఏడాదికింత చొప్పున, తీరిగ్గా ముసలివాళ్లమవుతున్నాం.