సువార్తమ్మ టీచర్‌గారు చెయ్యని ప్రార్థన

మా మేనత్త సువార్తమ్మ టీచర్‌గారు గత మంగళవారం మధ్యాహ్నం కాకినాడలో, ఆస్పత్రి మంచం మీద కన్నుమూశారు. ప్రభువునందు నిద్రించారని మనవాళ్లు అనే మాటే ఫోను చేసిన అందరికీ నేనూ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అది అరువు తెచ్చుకున్న మాటలాగే వినిపించింది. పొద్దున కాఫీలో పంచదార వెయ్యలేదని నర్సుతో వాదించిన మనిషి మధ్యాహ్నానికి లేరంటే బుద్ధి ఒప్పుకున్నా మనసు ఒప్పుకోదు. మా అమ్మ పోయేనాటికి నేను చాప మీద పాకే పిల్లని, ఆ దుఃఖం నాకు తెలియదు. నన్ను పెంచింది ఈవిడే. మాతృవియోగమంటే ఏమిటో జుట్టు నెరిశాక ఇప్పుడు తెలిసింది.

భూస్థాపన రోజున మా ఊరి సంఘకాపరి అయ్యగారు మైకు ముందు నిలబడి రొయ్యల చెరువు కథ చెప్పారు. జనం కళ్లు తుడుచుకున్నారు. సంఘ పత్రిక వేస్తున్న జ్ఞాపకార్థ సంచికకు ఆ అద్భుతాన్నే రాసిమ్మని తరువాత నన్ను అడిగారు. నేను కాలేజీలో తెలుగు చెబుతాను గనక, "కాస్త హృద్యంగా రాయండమ్మా" అన్నారు. హృద్యంగా రాయడం నాకు చేతనవును. కానీ ఆ కథ విని విని విసిగిపోయిన మా అత్త ఆత్మకు నేను జవాబు చెప్పుకోవాలి. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అచ్చు వేస్తారో, చెత్తబుట్టలో వేస్తారో వారి ఇష్టం.

ఆవిడను ఎరగనివారి కోసం నాలుగు మాటలు. భీమవరానికి దగ్గర్లోని మా ఊళ్లో, మిషన్ బడిలో, సువార్తమ్మగారు ఒక తరానికి అక్షరాలు దిద్దించి, ఆ తరం పిల్లలకూ దిద్దించారు. వివాహం చేసుకోలేదు. "నన్ను చేసుకునే ధైర్యం ఉన్నవాడు మన జిల్లాలో పుట్టలేదు" అనేవారు. పొట్టి మనిషి, గట్టి గొంతు, ముక్కు మీద కోపం. మంచితనం పుష్కలంగా ఉండేది గాని మెత్తదనం ఉండేది కాదు. ఆ రెండూ ఒకటేననుకుని దగ్గరకు వెళ్లినవాళ్లు చీవాట్లు తిని వచ్చేవారు.

అంత కటువైన మనిషికీ ఒక అంతరంగ మందిరం ఉండేది. రోజూ కోడి కూసే వేళకు వంటింటి వెనక వసారాలో, బియ్యం డబ్బా పక్కన, తల మీద చెంగు కప్పుకుని మోకరించేవారు. సంఘంలో పెద్దలు చేసే ప్రార్థనలు గ్రాంథిక భాషలో, గంభీర ధ్వనితో సాగేవి. ఈవిడది ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నవాళ్లతో మాట్లాడినట్టుండేది. నేను నిద్రమత్తులో వింటూ ఉండేదాన్ని. "ప్రభువా, నిన్న ఆ కిట్టిగాణ్ణి కొట్టాను. తప్పే. వాడూ తక్కువవాడేం కాదు, నీకు తెలుసు. ఇవాళ వాడి మొహం చూస్తే కొట్టబుద్ధి కాకుండా చూడు." అటు తరువాత చాలాసేపు మౌనం. ఆ మౌనం ఏమిటని ఒకసారి అడిగాను. "నేను చెప్పాల్సింది అయిపోయింది కదమ్మా, ఆయన్ని కూడా మాట్లాడనివ్వాలి కదా" అన్నారు. ఏకాంత ప్రార్థన మీద మహావక్తల ప్రసంగాలు ఎన్నో విన్నాను. ఆ బియ్యం డబ్బా పక్కన విన్నంతగా ఏదీ నా మనసుకు పట్టలేదు.

తొంభైల్లో మా వైపు వరిచేలు చెరువులైపోయాయి. రొయ్య బంగారమన్నారు. అంతలోనే తెల్లమచ్చ తెగులు వచ్చి పడింది. సాయంత్రం నిక్షేపంగా ఉన్న చెరువులో తెల్లారేసరికి గట్టు వార చచ్చిన రొయ్యలు తేలేవి. వైరస్ అన్న మాట టీ బడ్డీల దగ్గర అప్పుడే మొదటిసారి విన్నాం. ఆ రోజుల్లో ఒక సాయంత్రం ఆవిడ బడి నుంచి వస్తుంటే రాజుగారు బండి ఆపారు. ఆయన పెద్ద రైతు, ఆయన కూతురు మా అత్త దగ్గర చదువుకుంది. "టీచర్‌గారండీ, మావుళ్లమ్మ తల్లికి మొక్కుకున్నాను. మీ దేవుడితో కూడా మా చెరువు సంగతి కాస్త చెప్పండి" అన్నారు. "సరేనండి, ప్రార్థన చేస్తాను" అన్నారీవిడ. మనమందరం అనే మాటే అది. బస్సెక్కబోతూనో, పెళ్లి భోజనాల దగ్గరో, ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా అలవాటుగా నోటికి వచ్చే మాట.

ఇంటికి వచ్చేసరికి పక్కింటి కోడలికి పురిటినొప్పులు. ఆ హడావుడి, ఆపైన పరీక్ష పేపర్లు. రాజుగారి చెరువు ఆవిడ మనసులోంచి పూర్తిగా జారిపోయింది. కొన్నాళ్లకు ఆయన ఐసు పెట్టె నిండా రొయ్యలతో మా గుమ్మంలో నిలబడ్డారు. చుట్టుపక్కల చెరువులన్నీ పోయి ఆయనది ఒక్కటే నిలిచింది. "అంతా మీ ప్రార్థన బలమేనండి" అని ఆయన చేతులు జోడించినప్పుడు నేను సెలవులకు వచ్చి అక్కడే ఉన్నాను. మా అత్త మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆ రొయ్యల్లో ఒక్కటి కూడా ఆవిడ ముట్టలేదు, వీధంతా పంచేశారు. వీధి మాత్రం ప్రభువును స్తుతిస్తూ వేపుడు చేసుకుంది.

ఆ ఆదివారం, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ అప్పటి అయ్యగారు ఆవిడను ముందుకు పిలిచారు. ఆవిడ వెళ్లి నిలబడి, "రాజుగారి చెరువు కోసం నేను ప్రార్థన చెయ్యలేదండి. చేస్తానని చెప్పి మర్చిపోయాను. అబద్ధపు కీర్తి నాకొద్దు" అన్నారు. సంఘమంతా ఒక్క గొంతుతో "స్తోత్రం" అంది. "చూశారా, తగ్గింపంటే ఇదీ. చేసి కూడా చెయ్యలేదంటున్నారు" అన్నారు అయ్యగారు గద్గద స్వరంతో. నిజం చెప్పిన మనిషిని నమ్మకపోవడం కూడా ఒక భక్తి అవుతుందని నేను ఆ రోజే చూశాను.

సంఘం నమ్మలేదు గదా అని రాజుగారి ఇంటికే వెళ్లి చెప్పారు. ఆయన తాపీగా విని, "మీరు మర్చిపోయినా మీ దేవుడు మర్చిపోలేదు కదండీ" అన్నారు. మా అత్త ఇంటికొచ్చి అన్నం కలుపుతూ, "ఆ మాట నిజమే కావచ్చమ్మాయ్. కానీ అది ఆయన గొప్ప. నాకెందుకు అంటగడతారు" అన్నారు.

ఇక జనం మొదలయ్యారు. భీమవరం నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చేవారు. సీసాల్లో చెరువు నీళ్లు, గుప్పెట్లో రొయ్యల మేత, ఎంసెట్ హాల్‌టికెట్లు, పెళ్లి కావలసిన అమ్మాయిల ఫోటోలు. కోడి కూయకముందే వసారాలో మనుషులు కూర్చుని ఉండేవారు. ఆవిడ ఎవరినీ పొమ్మనలేదు. ఒకసారి మాట తప్పిన భయం ఆవిడను పట్టుకుంది. చెప్పుకున్న ప్రతివాళ్ల కోసమూ వదలకుండా, పేరు పేరునా ప్రార్థించేవారు. మైకు కూడా పెడదామని అయ్యగారు వస్తే మాత్రం మండిపడ్డారు. "జనం వింటున్నారని తెలిస్తే నేను జనంతోనే మాట్లాడతానండి. ఆయనతో మాట్లాడలేను" అన్నారు. అయ్యగారు దాన్ని కూడా తగ్గింపు కింద జమకట్టారు.

మరుసటి పంటకు తెగులు మళ్లీ వచ్చింది. ఈసారి అన్ని చెరువులూ పోయాయి. రాజుగారిదీ పోయింది. వాటన్నిటి కోసమూ మా అత్త నిజంగా, కన్నీళ్లతో, ఉపవాసముండి ప్రార్థించారు. ఒక రైతు భార్య గేటు దగ్గర నిలబడి అడిగింది. "మా కోసం చెయ్యలేదా టీచర్‌గారూ?"

"చేశానమ్మా."

"మరి ఇలా అయిందేంటండి?"

మా అత్త తలుపు వెయ్యలేదు, లోపలికి రాలేదు. ఆ మనిషి వెళ్లిపోయేదాకా అలాగే నిలబడ్డారు. ఆటోలు ఆగిపోయాయి. చెయ్యని ప్రార్థనను కథగా చెప్పుకున్న ఊరు, చేసిన ప్రార్థనల ఊసెత్తలేదు. ఇవాళ్టికీ ఎత్తదు. మొన్న మైకులో కూడా ఆ రెండో పంట సంగతి రాలేదు.

పదవీ విరమణ తరువాత ఆవిడ కాకినాడలో నా దగ్గరకు వచ్చేశారు. అప్పటికి నా భర్త పోయి నేనూ ఒంటిదాన్నే. పిల్లలు లేరు. అలవాటు ప్రకారం పొద్దున్నే లేచి, తల మీద చెంగు కప్పుకుని, మా వంటింట్లో గ్యాసు బండ పక్కన మోకరించేవారు. నోట మాట వచ్చేది కాదు. మొదట్లో నాకు వినిపించడం లేదేమో అనుకున్నాను. ఏళ్లు గడిచినా ఆ వంటింట్లోంచి ఒక్క మాట వినలేదు. చివరికి అడిగాను.

"ఖాళీగా ఉంటోందమ్మా. మోకరిస్తే ఆ జనం గొంతులే వినపడుతున్నాయి. నా మాట నాకు దొరకట్లేదు. ఆయనా మాట్లాడట్లేదు" అన్నారు.

"మరి రోజూ ఎందుకు కూర్చోవడం?"

"అలిగిన మొగుడికైనా వేళకి అన్నం పెట్టరా ఏంటి?"

"నీకెలా తెలుసత్తా ఆ సంగతి" అని వేళాకోళం చేశాను. నవ్వారు. కానీ ఆ కళ్లలో ఉన్న దారిద్ర్యం నేనెన్నడూ చూడనిది. మనుషులు పోయినవాళ్ల దుఃఖం అందరికీ కనిపిస్తుంది. మాట్లాడే తోడు పోయి, ఆ తోడు దేవుడే అయినవాళ్ల దుఃఖం ఎవరికి చెప్పుకోవాలి? ఎవరైనా "మా కోసం ప్రార్థన చెయ్యండి టీచర్‌గారూ" అంటే, "నాకు చేతకావట్లేదండి, మీరే చెయ్యండి" అనేవారు. గర్వమన్నారు కొందరు. విశ్వాసంలో వెనకబడిపోయారన్నారు ఇంకొందరు. తగ్గింపు అని మాత్రం ఈసారి ఎవరూ అనలేదు.

భూస్థాపనకు రాజుగారు వచ్చారు. బాగా పెద్దవారైపోయారు. చెరువులు ఎప్పుడో అమ్మేశారు. జనం చెదిరాక నా దగ్గరకు వచ్చి, "మా చెరువు పోయిన రోజు టీచర్‌గారు మా ఇంటికి వచ్చారమ్మా. మాకేం చెప్పలేదు. మా ఆవిడ పక్కన పొద్దుపోయేదాకా కూర్చుని వెళ్లారు. టీచర్‌గారు ఈ సంగతి మీకు చెప్పారా?" అన్నారు. చెప్పలేదు. మైకు తీసేశారు గనక ఆ మాట నేనొక్కదాన్నే విన్నాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పోయేముందు రోజు, సోమవారం సాయంత్రం, ఆవిడ ఊపిరి బరువైంది. గుండె అలిసిపోయిందని డాక్టర్లు అప్పటికే చెప్పారు. నాకు భయం వేసి, "నీకోసం ప్రార్థన చేస్తానత్తా" అన్నాను.

"చేస్తానని చెప్పకు. చెయ్యి" అన్నారు.

మంచం పక్కన మోకరించాను. పరిశుద్ధుడవైన తండ్రీ అని మొదలుపెట్టాను. స్వస్థత అన్నాను, చిత్తం అన్నాను, కృప అన్నాను. చదువుకున్న మాటలన్నీ వరసగా వచ్చాయి, అంతలో అవీ అయిపోయాయి. మంచం పట్టెకు తల ఆనించి ఏడ్చాను. నా తల మీద ఆవిడ చెయ్యి పడింది. ఓదారుస్తారనుకుని తలెత్తాను. ఆవిడ నన్ను చూడటం లేదు. కళ్లు మూసుకుని ఉన్నారు.

"ప్రభువా, ఇది ఒంటరిదైపోతోంది. దీనికి నేను తప్ప ఎవరున్నారు. చూసుకో" అన్నారు.

కాకినాడ వచ్చాక ఆవిడ నోట నేను విన్న ప్రార్థన ఇదొక్కటే. ఎవరూ అడగనిది, ఎవరికీ చేస్తానని చెప్పనిది. పోయిన మాట దొరికింది. దొరికిన మాటను తనకోసం ఖర్చు పెట్టుకోలేదు.

అత్తా, నువ్వు చేసిన ప్రార్థనల్లో ఏది నెరవేరింది, ఏది లేదు అని తేల్చే జ్ఞానం నాకు లేదు, పత్రికవారికీ లేదు. నీ పాదాలకు నమస్కరించి ఒక్క మాట చెబుతున్నాను. ఆ చివరిదొక్కటీ నెరవేరాలి. నాకు నిజంగానే ఎవరూ లేరు.