ఏడో నంబరు గది బల్లెం

మా బాబాయి ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే హోటల్లో పనిచేశాడు. బల్బులు మార్చడం, గడియలు బిగించడం, రోజూ పొద్దున్నే హాల్లో నిలబడి ఉన్న కంచు వీరుణ్ణి తుడవడం ఆయన పని. నూట యాభై ఏళ్ళ కిందట ఫ్రాన్సులో పోతపోసిన బొమ్మ అది. పూర్వకాలపు యోధుడు. శిరస్త్రాణం, డాలు, బల్లెం అన్నీ ఉన్నాయి, ఒంటి మీద బట్ట మాత్రం నామమాత్రం. "పాపం, చలికి ఎలా ఉంటాడో" అని మా పిన్ని జాలిపడేది.

ఇరవై రెండేళ్ళ కిందట బల్బు మారుస్తూ బాబాయి నిచ్చెన మీంచి జారాడు. చేతికందిన బల్లెం పట్టుకున్నాడు. మనిషి ఆగాడు, బల్లెం ఊడొచ్చింది. ఆ పూటే చెప్పేస్తే పోయేది. చెప్తేగా! ఏడో నంబరు గది కర్టెన్ రాడ్డు కోసి, విరిగిన ఇత్తడి గడియను మొనలా అరగదీసి అతికించి, బూట్ పాలిష్ దట్టంగా పట్టించి వీరుడి పిడికిట్లో దోపాడు. అసలు బల్లేన్ని గొడుగుతో కలిపి చుట్టి ఇంటికి తెచ్చాడు. పిన్ని ఊరుకుంటుందా? వంటింటి కిటికీకి దాంతోనే కర్టెన్ తగిలించింది. మొనకు టీ వడగట్టే జల్లెడ వేలాడేది.

అప్పట్నుంచి బాబాయికి మనశ్శాంతి లేదు. ఎవరైనా బొమ్మ దగ్గర ఆగితే చాలు, తుడుపుగుడ్డ పట్టుకుని అడ్డంగా వెళ్ళి నిలబడేవాడు. "దొంగ అనిపించుకోకుండా రిటైరైతే అదే పదివేలు" అనేవాడు.

ఇంకో నెలలో రిటైరవుతాడనగా హోటల్ ఓనరు గారికి బొమ్మ అమ్మేద్దామని బుద్ధి పుట్టింది. పాత వస్తువుల నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన భూతద్దం పట్టుకుని కాలి బొటనవేలి నుంచి మొదలుపెట్టాడు.

"బొమ్మ అసలుదే. ఆ రోజుల్లో ఇలాంటివి బోలెడు పోశారులెండి."

బల్లెం దగ్గర ఆగాడు. వాసన చూశాడు.

"అబ్బబ్బ! ఇది చేసినవాడు వేరండీ. మహాశిల్పి! ఆ మొన చూడండి, ఎంత తెగువగా మలిచాడో! ఈ నలుపు వందల ఏళ్ళ పొగ."

బాబాయి ఇక ఆగలేకపోయాడు. "అయ్యా, అది నేను చేసిందండీ. ఏడో నంబరు గది కర్టెన్ రాడ్డు. ఆ నలుపు బూట్ పాలిష్."

ఓనరు గారు పకపకా నవ్వారు. "రోజూ తుడిచీ తుడిచీ తనే చేశాననుకుంటున్నాడండీ."

బాబాయికి రోషం పొడుచుకొచ్చింది. ఇంటికి పరిగెత్తాడు. "పొయ్యి మీద కూర ఉంది, ఎండ మొహాన కొడుతోంది, ఇప్పుడు కర్టెనెందుకు పీకుతున్నారండీ?" అని పిన్ని అరుస్తున్నా వినకుండా అసలు బల్లేన్ని తెచ్చి నిపుణుడి చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, రింగులు గీసిన గీతలు చూసి, "కర్టెన్ రాడ్డు నాకెందుకయ్యా?" అని తిరిగిచ్చేశాడు.

తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇరవై రెండేళ్ళు కడుపులో దాచుకున్న తప్పు ఒప్పుకుంటానంటే వినే నాథుడు లేడు! బల్లెం మళ్ళీ వంటింటి కిటికీ ఎక్కింది.

ఓనరు గారు అమ్మకం మానేశారు. వీరుడి చేతిలోంచి బాబాయి చేసిన బల్లెం తీయించి అద్దాల పెట్టెలో పెట్టించారు. ఉత్త పిడికిలితో మిగిలిన వీరుడికి ఎవరో గొడుగు తగిలించారు.

రిటైరైన రోజు పిన్నీ నేనూ హోటల్‌కి వెళ్ళాం. అద్దాల పెట్టె కింద రాసి ఉన్నది పిన్ని పైకి చదివింది: "బల్లెం. ఒక మహాశిల్పి పనితనం. ఎవరో తెలియదు."

అంతే, అద్దం మీద దబదబా తట్టింది. "తెలియకపోవడమేంటి? ఇంత మనిషి ఎదురుగా నిలబడి ఉంటే! ఈయనేనండీ, ఈయనే!"

హాల్లో అందరూ తిరిగి చూశారు. బాబాయి ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఊరుకోవే. ఆ మహాశిల్పి ముక్క ఇంకోసారి చదువు. కళ్ళజోడు తేలేదు."

కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది. పిన్ని చూసింది. మళ్ళీ చదివింది.