నల్లులా, నల్లానా?

దుబాయిలో కొత్త ఉద్యోగంలో చేరి, హాస్టల్ గదిలో అడుగుపెట్టగానే నా పరుపెత్తి చూశాను. అదే గదిలో ఉంటున్న అమ్మాయి నవ్వింది. నవ్వనీ.

చిన్నప్పుడు యాదగిరిగుట్టలో కిరాయి గది చూస్తూ మా అవ్వ, "నల్లులున్నయా?" అని యజమానిని అడిగింది. నేను నీళ్ల నల్లా అనుకుని స్నానాలగదికి ఉరికి, తిప్పి చూసి, "ఉన్నదవ్వా, నీళ్లు మస్తు వస్తున్నయి!" అని అరిచాను. యజమాని పగలబడి నవ్వాడు. అవ్వ నవ్వకుండా పరుపెత్తింది.

"దేవుని జాగల గింత అనుమానమేందమ్మా?" అన్నాడతను.

కుట్ల వెంట పాకుతున్న నల్లులను అవ్వ వేలెత్తి చూపింది. "కిరాయిచ్చి నెత్తురు గూడ ఇయ్యాల్నా?" అని మూట నెత్తినెత్తుకుంది.

నా పరుపు శుభ్రంగానే ఉంది. నవ్విన అమ్మాయి పరుపు కూడా ఎత్తాను. నవ్వు ఆగిపోయింది.